ఆగే తావులు

తెల్లవారుజాము మూడున్నర. సోమశిల డ్యాం కింద పెన్నలో నీళ్లు మోకాలి లోతున పారుతున్నాయి. సంక్రాంతి వెళ్లినా చలి వదల్లేదు, నీళ్లలో పెట్టిన కాలు జివ్వుమంటోంది. పైన డ్యాం మీద దీపాలు వరసగా వెలుగుతున్నాయి. ఆ వెలుతురు పడిన మేర రాళ్ల మీద పసుపు పంచెలు, పసుపు చీరలు కనిపిస్తున్నాయి. ఉదయగిరి వైపు వాళ్లు రాత్రే వచ్చి ఊళ్లో పడుకున్నారు. ఆత్మకూరు వాళ్లు ఆటోల్లో ఇప్పుడిప్పుడే దిగుతున్నారు.

"మునిగింది చాలు, పైకి రాండి. చలికి పిక్క పట్టిందంటే కలువాయి కూడా చేరరు," అంటున్నాడు మామ.

అందరికీ మామే ఆయన. ప్రాజెక్టులో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఈ కాలువల మీద ఏ తూము దగ్గర నీడ ఉంటుందో, ఏ వంతెన గోడ కూర్చునేంత ఎత్తుంటుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఆ ఎరుకతోనే మమ్మల్ని తిరుమలకు నడిపిస్తున్నాడు. మోకాలి లోతు దాటి ఎవర్నీ ఏట్లోకి పోనివ్వడు. "డ్యాం కింద నీళ్లని నమ్మేది లేదు. సైరన్ మోగిందంటే తల కూడా తుడుచుకోకుండా గట్టెక్కాల." 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాం తెగి, ఆ వరదంతా పెన్నలో కలిసి సోమశిల మీదికి వచ్చిన రోజులు చూసినవాడాయన.

కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ దగ్గర ఇంకో సోమశిల ఉంది, అది వేరు. ఇది నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల్ని చీల్చుకుని పెన్న కడప సీమ నుంచి ఇవతలికి వచ్చే చోట ఉన్న సోమశిల. ఇక్కణ్ణుంచి మా దారి కలువాయి, గోనుపల్లి మీదుగా పెంచలకోనకు, అక్కణ్ణుంచి రాపూరు, డక్కిలి, వెంకటగిరి, కాళహస్తి, ఏర్పేడు, తిరుపతి. మెట్ల దారి కాక నూట యాభై కిలోమీటర్లు పైనే. బస్సులో పోతే ఒక పూట పని.

టాటా ఏస్ బండి ముందే సిద్ధంగా ఉంది. నెత్తిన వెంకటేశ్వరస్వామి పటం, బంతిపూల దండలు, ఒక స్పీకరు. లోపల గ్యాసు సిలిండరు, రెండు పెద్ద గుండిగలు, బియ్యం మూటలు, టార్పాలిన్, అందరి సంచులు. గుండిగలో తిప్పే గరిటె మాత్రం చెక్కది, ఉదయగిరిలో చేసింది. ఆ ఊరి చెక్క గరిటెలకు పేరుంది గనక వాళ్ల బ్యాచ్ ఏటా ఒకటి తెస్తుంది, ఏటా ఎవరో ఒకరు అడిగి పుచ్చుకుంటారు.

సంచిలో ఏముండాలో మామ నెల ముందే చెప్పాడు. రెండు జతల బట్టలు, దుప్పటి, టవలు, కాటన్ మేజోళ్లు మూడు జతలు, వ్యాజిలిన్ డబ్బా, రోజూ వేసుకునే మాత్రలు, ఆధార్ కార్డు అసలుది. ఇవన్నీ బండిలో పోతాయి. మన ఒంటి మీద ఉండేది లీటరు నీళ్ల సీసా, జేబులో బెల్లం ముక్క, టార్చి, అంతే. కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి వీపున పెద్ద బ్యాగు తగిలించుకున్నాడు. మామ ఏమీ అనలేదు. కలువాయి దాకా మోయనిచ్చి, అక్కడ తనంత తనే బండిలో పెట్టేదాకా చూస్తాడు.

నాలుగింటికి కొబ్బరికాయ కొట్టారు. గోవిందా అన్న కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. నడక మొదలైంది.

మొదటి గంట అందరికీ ఉత్సాహమే. కుర్రాళ్లు దూసుకుపోతున్నారు. వాళ్లను ఆపడానికి మామ దగ్గర ఒక ఉపాయం ఉంది. బండి స్పీకరు ఆపించి, గోవింద కొట్టమని కుర్రాళ్లకే అప్పజెబుతాడు. ఒకరు ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. గొంతు నిండా ఊపిరి తీసి పలకలేకపోతున్నారంటే అది ఒంటికి మించిన నడక. గుండె డాక్టర్లు చెప్పేదీ అదే: నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగి ఆయాసం వస్తే తగ్గించాలి. ఐదు నిమిషాలు తిరక్కుండానే ముందున్న కేకలు పలచబడ్డాయి, కాళ్లు నెమ్మదించాయి. గంటకు నాలుగు కిలోమీటర్లు, మహా అయితే నాలుగున్నర. మా గుంపు నడక అంతే.

ఇక మామ ఎక్కడుంటాడంటే, అందరికంటే వెనక. నడిపించేవాడు ముందుంటాడని కొత్తవాళ్లు అనుకుంటారు. ముందు నడిచేవాడికి ముందున్న రోడ్డే కనిపిస్తుంది. వెనక ఉన్నవాడికి ఎవరు కుంటుతున్నారో, ఎవరి భుజం ఒక పక్కకు వాలిందో, ఎవరు మాట మానేశారో తెలుస్తుంది. మహారాష్ట్రలో ఆళంది నుంచి పండరిపురం పోయే వార్కరీలు లక్షల్లో నడుస్తారు. దిండీలని గుంపులు కట్టి, ఏ దిండీ ఎవరి వెనక నడవాలో వరస పెట్టుకుంటారు. మేము వాళ్ల ముందు పిడికెడు మందిమి, అయినా మాకూ వరస ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మధ్యలో, కుర్రాళ్లు ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, అందరి వెనక మామ, ఆయన వెనక బండి. బండి వెనక ఇండికేటర్లు మినుకుమినుకుమంటూ ఉంటాయి. పసుపు బట్టలు చీకట్లో బాగా కనిపిస్తాయనుకుంటాం గానీ లారీ డ్రైవరుకు అదేమీ ఆనదు. వీపు మీద, కర్ర మీద, చెప్పుల మడమ మీద రేడియం స్టిక్కరు అంటించుకుంటేనే హెడ్‌లైటు పడి మెరుస్తుంది. నడిచేది రోడ్డుకు కుడి పక్క, ఎదురొచ్చే బండి కంటికి కనిపించేటట్టు.

తూర్పున వెలుగు వచ్చేసరికి మొదటి ఆగే తావు. కాలువ మీద వంతెన. దాని పిట్టగోడ సరిగ్గా నడుమెత్తు. మామ దీన్ని ఊరికే ఎంచుకోలేదు. నేల మీద చతికిలబడితే లేచేటప్పుడు మోకాళ్ల మీద భారమంతా పడుతుంది; గోడ మీద కూర్చుంటే దిగడం తేలిక. పది నిమిషాలకు మించి కూర్చోనివ్వడు, ఒళ్లు చల్లారితే కండరాలు బిగుసుకుంటాయి. చెప్పులు, మేజోళ్లు విప్పి గోడ మీద ఆరబెట్టాం. తడి మేజోడు, వేడి, రాపిడి, ఈ మూడూ కలిస్తే పొక్కు లేస్తుంది. ఒక్కటి తప్పించినా సగం గెలిచినట్టే.

సోమశిలలో నిలిచేది దగ్గర దగ్గర 78 టీఎంసీలు. అందులో కొంత నలభై ఐదు కిలోమీటర్ల కాలువ గుండా కండలేరుకు పోతుంది, కండలేరు నుంచి తెలుగుగంగై మద్రాసు దాకా. 1996లో మొదటిసారి ఆ నీళ్లు పూండి చెరువులో పడ్డప్పుడు మామ ఉద్యోగంలోనే ఉన్నాడు. "మనం పొయ్యే దిక్కుకే పోతాయి నీళ్లు గూడా. వాటికి మాత్రం యాడా ఆగే పన్లేదు," అంటూ గోడ దిగాడు. మేమూ దిగాం.

ఉదయగిరి వాళ్లకు ఈ నడకలో ఒక గర్వముంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు వాళ్ల కొండ మీది కోటను ఏడాదికి పైగా ముట్టడించి గజపతుల నుంచి గుంజుకున్నాక, తిరుగుదారిలో నేరుగా తిరుమలకే పోయి స్వామికి ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేశాడు. "మా ఊరి నుంచి కొండకి పొయ్యే ఆనవాయితీ అప్పట్నుంచీ ఉండాది," అంటాడు వాళ్లలో ఒకాయన. రాయలకు ఏనుగులూ పల్లకీలూ ఉన్నాయి కదా స్వామీ అని కుర్రాళ్లు ఆట పట్టిస్తున్నారు.

కలువాయి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. తొమ్మిదిన్నర దాటితే తారు వేడెక్కడం మొదలవుతుంది, జనవరి అయినా సరే. ఇక సాయంత్రం నాలుగు దాకా నడక లేదు. బడి పక్క చింతచెట్ల కింద టార్పాలిన్ పరిచారు. రాగి జావ, ఉప్మా, నిమ్మకాయ నీళ్లు. ఈ సీమంతా నిమ్మ తోటలే. కలువాయి, రాపూరు, పొదలకూరు, సైదాపురం, ఏ వైపు చూసినా పచ్చగా గుబురుగా ఉండే నిమ్మచెట్లు. తోట కాడ అడిగితే గుప్పెడు కాయలు ఊరికే పెడతారు. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, ఒక కాయ రసం. ఓఆర్ఎస్ పొట్లం లేని చోట ఇదే మా పొట్లం. చెమట పట్టి ఉప్పు పోయాక వట్టి నీళ్లే కడుపు నిండా తాగితే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది.

ఆడవాళ్ల దగ్గర వేరే చిక్కు ఉంది, దాన్ని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. దారిలో వెళ్లడానికి చోటుండదని నీళ్లు తాగడం మానేస్తారు. పొద్దున్నుంచి మాపటిదాకా రెండు గుటకలతో నడిచినవాళ్లను చూశాను. రెండో రోజుకు ఒంటేలు మంట, మూడో రోజుకు జ్వరం. యాత్ర వదిలి వెనక్కి పోయిన ఆడవాళ్లలో ఎక్కువమందిని వెనక్కి పంపింది కాళ్లు కాదు, ఇదే. అందుకే మా ఆగే తావులు ఎంచేటప్పుడు మామ ముందు అడిగేది ఆడవాళ్లనే. బడి, గుడి, పెట్రోలు బంకు, తెలిసినవాళ్ల ఇల్లు, వీటిల్లో ఏదో ఒకటి ప్రతి రెండు గంటలకూ తగలాలి. ఈ ఒక్క లెక్క కుదిర్చితే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి. ఆడవాళ్లను తీసుకుపోయే గుంపులు చాలావరకు ఈ లెక్క వేసుకోకుండానే బయల్దేరతాయి. వంటకు కట్టెలు ఎన్ని కావాలో మాత్రం కేజీలతో సహా రాసుకుంటాయి.

మధ్యాహ్నం నిద్రలో కొత్త అబ్బాయి మూలుగుతున్నాడు. తొడలు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. పసుపు పంచె నిన్న కొన్నదట, గంజి కూడా దిగలేదు. కొత్త బట్టను రెండు మూడుసార్లు ఉతికి కట్టుకోవాలి. గంజీ పోతుంది, పసుపు రంగు చెమటకు కరిగి ఒంటికి అంటడమూ తగ్గుతుంది. బండి నడిపే పిల్లాడు తన పాత నిక్కరు ఇచ్చాడు, లోపల వేసుకోమని. కొబ్బరినూనె రాసుకున్నాక ముఖంలో కాస్త జీవం వచ్చింది.

గోనుపల్లి దాటి పెంచలకోన వైపు తిరిగాక లోకం మారిపోతుంది. ఊళ్లు వెనకబడతాయి, వెలిగొండ దగ్గరికొస్తుంది. సోమశిల నుంచీ కొండ మాకు కుడిచేతి పక్కనే నడుస్తోంది. ఇక్కడ ఎదురుగా వచ్చి నిలబడింది. సాయంత్రం ఎండ తొందరగా కొండ వెనక్కి పోతుంది, వెలుతురుండగానే చలి మొదలవుతుంది. కోనలో వాగు చప్పుడు. చెంచులక్ష్మిని చేపట్టి ఇక్కడే నిలిచిపోయిన నరసింహస్వామి గుడి. అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారి గుడి విడిగా వాగు అవతల. వైశాఖంలో నరసింహ జయంతికి ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండదు, ఇప్పుడు శనివారం కాదు గనక ప్రశాంతంగా ఉంది. మా గుంపులో పెంచలయ్యలే ముగ్గురు. వాళ్లకిది కులదైవం ఇల్లు. దర్శనమయ్యాక మండపం ఒకటి చూపించి పడుకోమన్నారు.

పడుకునే ముందు తప్పకుండా జరగాల్సిన పని ఒకటుంది. కాళ్ల తనిఖీ.

"ఎవురి కాళ్లు వాళ్లు చూసుకునేది గాదు. పక్కనోళ్లయి చూడండి," అంటాడు మామ. మన అరికాలు మనకు సరిగా కనిపించదు, కనిపించినా ఏమీ లేదులే అని సర్దుకుంటాం. నా వంతుకు ఉదయగిరి నుంచి వచ్చిన అక్క వచ్చింది. పొగాకు బేరన్ల దగ్గర పనిచేసే మనిషి, అరవై దగ్గర పడుతోంది. చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకుంది.

"నాకేం నొప్పి లేదమ్మే. నువ్వు పడుకో," అంది.

టార్చి పెట్టి చూశాను. పాదం వాచి, వేళ్ల మధ్య దుమ్ము నల్లగా గడ్డకట్టింది. తడి గుడ్డతో తుడిస్తే ఎడమ మడమ కింద రూపాయి బిళ్లంత పొక్కు. పొక్కు ఎప్పుడో పగిలింది. పై చర్మం ముడుచుకుని ఒక పక్కకు పోయింది, కింద ఎర్రటి కండలో ఇసక రేణువులు మెరుస్తున్నాయి. దాని పక్కనే తుమ్మ ముల్లు ఒకటి విరిగి నిలబడి ఉంది. ముల్లు పీకినా ఆమె కాలు కదలలేదు.

"అక్కా, నీకు షుగరుందా?"

"ఉంటే? మాత్ర యేసుకుంటన్నా గదా."

నొప్పి లేదన్న మాట అబద్ధం కాదు. షుగరు పాతబడినవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది, గాయం తెలియదు. ఇలాంటి కాలికి ఇంటి వైద్యం కుదరదు. పొక్కులో సూదితో దారం దూర్చి వదిలే అలవాటు మన ఊళ్లలో ఉంది. నీరు కారి నొప్పి తగ్గే మాట నిజమే గానీ, ఆ దారం వెంబడే చీము పట్టే దారి కూడా పడుతుంది. షుగరున్నవాళ్లకు ఆ పని అసలే వద్దు. పగలని పొక్కును కదిలించకుండా మెత్తటి గుడ్డ కట్టి వదలాలి. పగిలితే కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, బీటాడిన్ రాసి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టాలి. పై చర్మం పీకకూడదు, అదే కింద కండకు కప్పు. అక్క కాలు కడిగి కట్టు కట్టేసరికి మామ వచ్చి నిలబడ్డాడు.

"రేపు బండెక్కు. రాపూరులో ఆస్పత్రిలో చూపిద్దాం."

"మొక్కు చెడతాది మామా."

"చెప్పులేసుకో. అలిపిరిలో విప్పు. మెట్లన్నీ వట్టి కాళ్లతోనే ఎక్కు, ఎవురొద్దన్నారు?"

ఆమె అటు తిరిగి పడుకుంది, మాట్లాడలేదు. పొద్దున బండి ఎక్కేటప్పుడు కూడా మాట్లాడలేదు. రాపూరులో డాక్టరు ఒక పూట ఆగి, చెప్పులతో నడవమన్నాక గానీ నోరు విప్పలేదు. విప్పాక ఇక ఆపడం మా వల్ల కాలేదు.

నొప్పి మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుంపులో ఎవరో ఒకరి జేబులో అవి దండిగా ఉంటాయి, పరగడుపున మింగి నడిచేస్తుంటారు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాల మీద పడతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన మెట్ట ఊళ్ల వాళ్లకు మాత్ర మీదే ఆశ, అది అర్థమవుతుంది. అయినా మామ సంచిలో ఆ మాత్రలు ఉండవు. వేడినీళ్ల కాపడం, రాత్రి పడుకునేటప్పుడు కాళ్ల కింద సంచి పెట్టుకుని ఎత్తులో ఉంచడం, అంతవరకే.

రాపూరు నుంచి డక్కిలి దారి పొడుగునా మంచు. పది అడుగుల ముందు నడిచే మనిషి కనిపించడు. మామ కర్రలు నేలకు కొడుతూ నడవమన్నాడు. మంచులో మనిషి ఉన్నాడని కుక్కలకూ తెలియాలి, తెల్లవారుజామున వెచ్చగా ఉందని తారు మీదికొచ్చి పడుకునే పాములకూ తెలియాలి. ఊళ్లలో కుక్కలు మొరిగితే పరుగెత్తకూడదు. కర్ర దించి నిలబడితే కాసేపటికి వాటికే విసుగొస్తుంది.

ఈ ఊళ్లలో నడిచేవాళ్లకు మర్యాద ఎక్కువ. తెల్లారకముందే వాకిట్లో కాగిన పాలు పట్టుకుని నిలబడినవాళ్లున్నారు. అరటిపళ్లు, ఇడ్లీలు, మజ్జిగ. ముసలామె ఒకతె నా కాళ్లకు దండం పెట్టబోతే పక్కకు తప్పుకున్నాను. "నా పేరు చెప్పి సామికి ఈ పది రూపాయలు ఎయ్యమ్మా," అని నోటు చేతిలో పెట్టింది. ఇలాంటి డబ్బు కోసం మా దగ్గర వేరే గుడ్డ సంచి ఉంది. మన ఖర్చులో కలవదు, నేరుగా హుండీకే. పెట్టిన తిండి మాత్రం ప్రతి చోటా తినకూడదు. ఒక ఊళ్లో పులిహోర, ఇంకో ఊళ్లో కేసరి, మరో ఊళ్లో పెరుగన్నం, అన్నీ కలిస్తే కడుపు చెడుతుంది. "కండ్లకద్దుకుని బండిలో పెట్టు" అన్నది మామ మాట. పగటికి అవే వడ్డిస్తారు, ఎవరి మనసూ నొవ్వదు.

వెంకటగిరి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది. సందుల్లో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. గుంపులో ఆడవాళ్లం చీరలు చూడ్డానికి పోతామంటే మామ వద్దనలేదు, గంట టైమిచ్చాడు. మెల్లగా కొట్ల వెంట తిరిగితే కాళ్లకు కూడా మంచిదేనట.

ఇక్కడే ఇద్దరు ఆగిపోయారు. ఒకాయనకు మోకాలు వాచింది, ఇంకొకామెకు జ్వరం. వెంకటగిరికి రైలూ ఉంది, బస్సులూ ఉన్నాయి గనక ఆగిపోవడానికి ఇదే సరైన చోటు. ముందుకు పోయేకొద్దీ తిరుపతి దగ్గరైపోయింది కదా అనే ఆశ మనిషిని వదలదు, అప్పుడు ఎంత చెప్పినా ఆగరు. మామ వాళ్లిద్దరికీ టికెట్టు డబ్బులు ఇచ్చి, మిగతా అందరితో గోవింద కొట్టించి సాగనంపాడు. ఆయనకు ఎవరూ వెనక్కి పోలేదన్న గొప్ప అక్కర్లేదు. మొండికేసి నడిపించి ఆస్పత్రిలో పడేసిన గుంపుల సంగతి ఆయన విన్నాడు.

కాళహస్తి చేరేటప్పటికి పొద్దుగూకుతోంది. స్వర్ణముఖి వంతెన మీద నిలబడితే కొండ, గుడి, గోపురం. 2010 మేలో కూలిపోయిన రాయల కాలం నాటి రాజగోపురం స్థానంలో కొత్తది నిలబడి ఉంది. కొత్త అబ్బాయి చెప్పులు విప్పేశాడు.

"యాడికబ్బయ్యా?"

"గుడికి మామా."

"ఇప్పుడు గాదు. కాళహస్తి చూసుకున్నాక ఇంకో గుడికి పోకూడదు, నేరుగా ఇంటికే పోవాల. కొండ దిగొచ్చాక తిరుగుదారిలో చూద్దువు."

అంత దూరం నడిచొచ్చి, గుడి కళ్ల ముందు పెట్టుకుని లోపలికి పోకపోవడం ఆ అబ్బాయికి మింగుడు పడలేదు. వంతెన మీద నుంచే అందరం దండం పెట్టాం. ఊరి అవతల కల్యాణ మండపంలో ఆ రాత్రి మజిలీ.

ఏర్పేడు నుంచి రేణిగుంట దాకా జాతీయ రహదారి. ఈ దారిలో భక్తి గురించి మాట్లాడే తీరిక ఉండదు. కంటైనర్లు, కార్లు, ఒకదాని గాలికి తలగుడ్డ ఎగిరిపోయింది. ఒకే వరసలో, రోడ్డు దిగి మట్టి మీద నడవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లవి మామ తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. చీకటి పడ్డాక ఈ ముక్క నడవం. పగలే, ఎండైనా సరే, నెమ్మదిగా. ఈ మూడు నాలుగు గంటలు గడిస్తే చాలనిపిస్తుంది.

ఈ రోడ్డు వద్దనుకునేవాళ్లకు వేరే దారి ఉంది. రాపూరు కనుమ దాటి చిట్వేలి, కోడూరు మీదుగా కుక్కలదొడ్డి చేరి, అక్కణ్ణుంచి అన్నమయ్య నడిచిన అడవి దారిన తిరుమల ఎక్కడం. ఆ దారి మీద మనసు పోతుంది. కానీ అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా, దారి తెలిసిన పెద్ద గుంపు లేకుండా పోయే పని కాదు. శ్రీశైలానికి నల్లమల గుండా పోయే కన్నడ యాత్రికులు కూడా ఉగాది ముందు దారి తెరిచినప్పుడే, వేల మంది కలిసి నడుస్తారు. వాళ్లు అడవిలోకి దిగేదీ ఒక ఆత్మకూరు పక్క నుంచే, అది మన ఆత్మకూరు కాదు, నంద్యాల జిల్లాది.

అలిపిరి. సంచులు లగేజీ కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకున్నాం. టీటీడీ వాళ్లే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. ఆ చీటీని ఫొటో తీసుకోవడం మంచిది, చెమటకు తడిసి చిరిగే కాగితం అది. నడిచొచ్చేవాళ్లకు దర్శనం టోకెన్ల పద్ధతి చాలాసార్లు మారింది. ఎక్కడ ఇస్తున్నారో, ఎన్ని గంటలకు అయిపోతున్నాయో బయల్దేరే ముందు రోజు కనుక్కోవాలి, పోయినేడు ఇట్లా ఇచ్చారే అనే మాట అక్కడ చెల్లదు.

అక్క చెప్పులు విప్పి బండి పిల్లాడి చేతికిచ్చింది. "పారెయ్యొద్దురా, మళ్లా కావాల," అంది. డాక్టరు కట్టిన కట్టు మీద పాత మేజోడు తొడుక్కుంది. దాన్ని చెప్పు కింద లెక్కపెట్టే పని లేదని ఆమే తేల్చేసింది.

మూడు వేల ఐదొందల యాభై మెట్లు. మొదట్లోనే ఒళ్లు విరిచే ఎక్కుడు, గాలి గోపురం దాకా అంతే. అక్కడిదాకా వచ్చినవాళ్లు సగం గెలిచారు. తర్వాత చాలా దూరం చదును. కింద, దారి మొదట్లోనే ఉన్న తలయేరు గుండు దగ్గర జనం తల ఆనించి, మోకాళ్లు ఆనించి నొప్పులు పోవాలని మొక్కుతున్నారు. ఎంతమంది తలలు, మోకాళ్లు తగిలాయో, రాయి గుంటలు పడింది. మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టే ఆడవాళ్లు వంగి లేస్తూ పక్కన పోతున్నారు. వాళ్లను తొందరపెట్టకుండా, వాళ్లు రాసిన పసుపు మీద కాలు జారకుండా మెట్టు అంచు వెంబడి ఎక్కాలి. ఎగబడి రెండేసి మెట్లు ఎక్కిన కుర్రాళ్లు గాలి గోపురం దగ్గర గోడకు చేరగిలబడి ఉన్నారు. అక్క వాళ్లను దాటుకుని పోయింది.

పిల్లలున్నవాళ్లు ఇక్కడ చెయ్యి వదలకూడదు. 2023 ఆగస్టులో మన నెల్లూరు జిల్లా నుంచే వచ్చిన ఒక కుటుంబంలో ఆరేళ్ల పాపను ఈ దారిలోనే చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాతే పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక మెట్ల దారిలోకి పంపడం ఆపారు, నడిచేవాళ్లకు కర్రలిచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు. ఏడో మైలు ఆంజనేయస్వామి దాటాక, రోడ్డు పక్క చెట్లు చిక్కబడ్డ చోట, మా గుంపులో తల్లులు ఎవరూ చెప్పకుండానే పిల్లల్ని మధ్యలోకి తీసుకున్నారు.

మోకాళ్ల పర్వతం. చివరి ఎక్కుడు, నిట్టనిలువు. రామానుజాచార్యులు కొండను తొక్కడం ఇష్టం లేక మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే చోటు. ఇప్పటికీ మోకాళ్ల మీద ఎక్కేవాళ్లున్నారు. మామ మాత్రం ప్రతి ఇరవై మెట్లకూ ఆగుతున్నాడు. ఆయన ఆగినప్పుడల్లా అందరం ఆగుతున్నాం. గోవింద అనడానికి గొంతులో శక్తి లేనివాళ్లు పెదాలు కదుపుతున్నారు.

కొండ మీద కల్యాణకట్ట, స్నానం, క్యూ, దర్శనం. లోపల స్వామి ముందు నిలబడనిచ్చేది ఎంతసేపో అందరికీ తెలిసిందే. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చుని తిన్నాం. కుర్చీలో కూర్చుని తింటుంటే ఇన్ని రోజుల తర్వాత నేల మీద కాకుండా తినడం వింతగా ఉంది. మెట్ల మీదుగా దిగుతామన్న కుర్రాళ్లను మామ ఒప్పుకోలేదు. ఎక్కడం కంటే దిగడమే తొడలకు, మోకాళ్లకు చేటు. దిగేది బస్సులోనే.

బస్సుకు ముందు, షెడ్డు నీడలో అందరూ చుట్టూ కూర్చున్నారు. లెక్కలు. మామ నోటుబుక్కు తీశాడు. బియ్యం, గ్యాసు, డీజిలు, కూరగాయలు, రాపూరులో మందులు. గుడ్డ సంచిలోని మొక్కుబడి డబ్బు హుండీలో పడిందని ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఆగిపోయిన ఇద్దరికీ వాళ్ల వంతు సొమ్ములో ఎంత తిరిగివ్వాలనే దాని మీద చిన్న తగాదా నడిచింది. సగం ఇవ్వాలని తేలింది.

"టమాటాలు అంత ధర యాడివి మామా? వెంకటగిరిలో నేనే గదా కొన్నింది," అన్నాడు ఒకాయన.

మామ కళ్లద్దాలు సవరించుకుని ఆ అంకె కొట్టేసి మళ్లీ రాశాడు.

"వచ్చే యేటికి టార్పాలిన్ ఇంకోటి కొనాల. డక్కిలి మంచుకి దుప్పట్లన్నీ తడిసినాయి," అన్నాడు బండి పిల్లాడు.

"నువ్వు ముందు బండి ఎనక లైటు బాగుచేయించుకోరా. ఎడం పక్కది ఎలగనే లేదు, కాళహస్తి కాణ్ణుంచి చూస్తానే ఉండా," అంది అక్క.